భయములో పట్టుకొనిన వచనములు

విలియం జేమ్స్ అను పేరు మన గ్రామ సంఘములలో అనేకులు విని యుండరు. ఆయన బోధకుడు కాడు, మిషనెరీయు కాడు. మనుష్యుని మనస్సు ఎట్లు పనిచేయునో పరిశోధించు మానసిక శాస్త్రమునకు అమెరికాలో పునాది వేసినవారిలో ముఖ్యుడు. 1842లో న్యూయార్కు నగరమందు జన్మించి 1910లో మరణించెను. నవలా రచయిత హెన్రీ జేమ్స్ ఈయన తమ్ముడే.

యౌవనమందే కన్నుల జబ్బు, నడుము నొప్పి ఆయనను పట్టుకొనెను. 1869లో హార్వర్డులో వైద్యపట్టము పొందెను గాని వైద్యవృత్తి చేయలేదు. దేహబాధకంటె మనోవ్యాకులత ఎక్కువాయెను. ప్రాణము తీసికొనవలెనను తలంపుకూడ వచ్చుచుండెను.

ఒక సాయంకాలము మసక చీకటిలో ఏదో వస్తువు తెచ్చుకొనుటకై బట్టలు మార్చుకొను గదిలోనికి వెళ్లెను. అకస్మాత్తుగా మహాభయము ఆయనమీద పడెను. తాను పిచ్చాసుపత్రిలో చూచిన మూర్ఛరోగి యొకడు కండ్లకు కట్టెను. ఆ యువకుడు పచ్చబారిన చర్మముతో, మోకాళ్లు గడ్డమునకు ఆనించుకొని దినమంతయు కదలక కూర్చుండువాడు. తానును ఏ ఘడియనైనను అట్లే కావచ్చునని ఆయనకు తోచెను. అది మొదలుకొని ప్రతి ఉదయము కడుపులో దిగులుతోనే మేల్కొనెను. నెలల తరబడి చీకటిలో ఒంటరిగా బయటికి పోలేకపోయెను. ఉల్లాసముగా తిరుగుచున్న తల్లిని చూచి, ఈమె ఇంత నిశ్చింతగా ఎట్లున్నదని ఆశ్చర్యపడెను. ఆమె కలతపడునని తన సంగతి చెప్పనేలేదు. మన యిండ్లలోను ఇట్లు దాచుకొనువారు లేరా? ఇట్టివారిని అవిశ్వాసులనియు, దయ్యము పట్టినదనియు కొందరందురు. మేము ఒప్పుకొనము. ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరలేదా?

ఆ దినములలో జేమ్స్ కొన్ని వచనములను పదే పదే చెప్పుకొనెను. ద్వితీయోపదేశకాండము 33వ అధ్యాయములో దేవుడు ఆశ్రయమను మాట, మత్తయి 11లో అలసినవారికి ప్రభువు ఇచ్చిన పిలుపు, యోహాను 11లో ఆయన మార్తతో పలికిన పునరుత్థానపు మాట. ఆ పట్టు లేనియెడల తాను నిజముగా పిచ్చివాడై యుండెడివాడని తరువాత ఆయనే వ్రాసెను. అంతమాత్రమున ఆయన మనవంటి సంఘ విశ్వాసి యని మేము చెప్పము. ప్రార్థించుట తనవలన కాదని 1904లో ఒప్పుకొనినాడు.

1870 ఏప్రిల్ నెలలో రెనూవియే అను ఫ్రెంచి తత్త్వవేత్త వ్రాతలు చదివి, మనుష్యునికి స్వేచ్ఛ గలదని నమ్ముటకు నిశ్చయించుకొని దినచర్యలో వ్రాసికొనెను. భయము ఒక్కనాటితో పోలేదు, మెల్లగా తగ్గెను. 1870ల తొలి సంవత్సరములలోనే హార్వర్డులో బోధింపసాగెను. 1878లో పెండ్లియాడెను. 1885లో పసివాడైన కుమారుడు హెర్మన్ చనిపోయెను. పండ్రెండేండ్లు శ్రమించి వ్రాసిన మానసిక శాస్త్ర గ్రంథము 1890లో వెలువడెను.

గుండెజబ్బుతోనే 1901, 1902లలో ఎడింబరోలో మతానుభవములను గూర్చి ఉపన్యసించెను. సిద్ధాంతములకంటె మనుష్యుల స్వంత కథలకే అందులో ఎక్కువ చోటిచ్చెను. కీడును కన్నులార చూచినవారి అనుభవము మరింత విశాలమైనదని ఆయన తలంపు. ఆ గదిలోని భయమునుకూడ చెప్పెను, అయితే ఎవరో ఫ్రెంచివాని కథగా చెప్పెను. 1904లో ఫ్రెంచి అనువాదకునికి వ్రాసిన ఉత్తరములో ఆ మనిషి తానేనని బయటపెట్టెను. అప్పటికి తల్లి చనిపోయి ఇరువది రెండేండ్లైనది.