రెండు యంత్రాల బండి: ఫెర్డినాండ్ పోర్షే జీవితం

పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా స్టాఫ్ రూముల్లోనూ, హాస్టలు మెస్సుల్లోనూ ఒకే చర్చ లేస్తుంది. ఒక ఇంజనూ, ఒక కరెంటు మోటారూ రెండూ వుండే హైబ్రిడ్ కారు కొంటే గిట్టుబాటు అవుతుందా, లేక మామూలు పెట్రోలు బండే నయమా అని. ఇదేదో నిన్నమొన్న పుట్టిన ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. కాని నూట ఇరవై ఏళ్ళకు పైబడిన ప్రశ్న ఇది. దానితో జీవితంలో మూడుసార్లు తలపడిన మనిషి ఫెర్డినాండ్ పోర్షే. ఆయన పేరు వినగానే పందెపు కార్లు గుర్తుకు వస్తాయి గాని, ఆయన తొలి కీర్తి కరెంటు బండ్ల మీద వచ్చింది. ఆయన కథ తెలిస్తే మన ప్రశ్నకు జవాబు సగం దొరికినట్లే.

పోర్షే 1875 సెప్టెంబరు 3న బొహీమియా ప్రాంతంలోని మాఫెర్స్‌డార్ఫ్ అనే వూళ్ళో పుట్టాడు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో వుండేది. ఇప్పుడు చెక్ దేశంలో వుంది. తండ్రి ఆంటన్ రేకుపని చేసే మేస్త్రీ. కొడుకు తన పనిలోకే రావాలని ఆయన కోరిక. పగలు రేకులు కొట్టటం, రాత్రి పక్క పట్టణం రైకెన్‌బెర్గ్‌లోని సాంకేతిక పాఠశాలలో సాయంకాలపు తరగతులకు వెళ్ళటం, ఇదీ ఆ కుర్రవాడి దినచర్య. వూళ్ళోని తివాచీల ఫ్యాక్టరీలో కరెంటు దీపాలు చూసినప్పటి నుంచి వాడికి మరో ధ్యాస లేదు. ఈ వైర్ల పిచ్చి తండ్రికి నచ్చేది కాదు. అయినా వాడు పట్టు వదలక తమ ఇంట్లోనే కరెంటు దీపాలు వెలిగించాడు.

పద్దెనిమిదో ఏట, 1893లో, వియన్నా చేరి ఎగ్గర్ అనే విద్యుత్ పరికరాల కంపెనీలో పనికి కుదిరాడు. ఖాళీ దొరికినప్పుడు అక్కడి టెక్నికల్ యూనివర్శిటీలో దూరి వెనక బెంచీలో కూర్చుని పాఠాలు వినేవాడు. ఫీజు కట్టిందీ లేదు, పరీక్ష రాసిందీ లేదు. అదే యూనివర్శిటీ 1917లో ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మన హాజరు పట్టీలో పేరు వుండీ క్లాసుకు రానివాళ్ళు, ఆ పట్టీలో పేరు లేకుండానే క్లాసులో కూర్చున్న ఈ మనిషిని ఒకసారి తలుచుకుంటే మంచిది.

ఆ రోజుల్లో మోటారు బండి ఏ శక్తితో నడవాలన్నది ఇంకా తేలలేదు. ఆవిరి బండి, పెట్రోలు బండి, బ్యాటరీ బండి మూడూ పోటీలో వుండేవి. వియన్నాలో రాజకుటుంబానికి గుర్రపు బగ్గీలు చేసిపెట్టే లోనర్ అనే పాత కంపెనీ పొగా చప్పుడూ లేని బండి కోసం చూస్తోంది. పోర్షే ఆ కంపెనీలో చేరి, మోటారును తీసుకెళ్ళి ముందు చక్రాల నడిబొడ్డులోనే అమర్చాడు. గేర్లు లేవు, గొలుసులు లేవు. 1900 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో ఆ బండిని చూసి జనం నివ్వెరపోయారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై నాలుగు.

కాని బ్యాటరీ బండికి ఒక పెద్ద చిక్కు వుంది. సీసం బ్యాటరీ బరువు వందల కిలోలు. ఒక ఇంగ్లీషు ఖాతాదారు కోసం నాలుగు చక్రాలకూ మోటార్లు పెట్టి చేసిన బండిలో బ్యాటరీయే దాదాపు 1,800 కిలోలు తూగింది. బండి మనుషుల్ని మోస్తోందా, తన బ్యాటరీని తానే మోసుకుంటోందా అన్నట్లుండేది వ్యవహారం. ఎక్కువ దూరం పోవాలంటే ఎక్కువ బ్యాటరీ కావాలి. ఎక్కువ బ్యాటరీ పెడితే బరువు పెరిగి మళ్ళీ దూరం తగ్గుతుంది.

దీనికి పోర్షే కనిపెట్టిన వుపాయమే హైబ్రిడ్. బ్యాటరీ తగ్గించి, బండిలో చిన్న పెట్రోలు ఇంజన్లు రెండు పెట్టాడు. అవి చక్రాల్ని తిప్పవు, డైనమోల్ని తిప్పుతాయి. డైనమోల నుంచి వచ్చే కరెంటుతో చక్రాల్లోని మోటార్లు నడుస్తాయి, మిగిలింది బ్యాటరీలోకి పోతుంది. 1900లో తయారైన ఈ నమూనాకు లాటిన్‌లో ఎప్పుడూ సజీవంగా వుండేది అనే అర్థం వచ్చేట్లు సెంపర్ వివస్ అని పేరు పెట్టారు. బెల్జియంలో పీపర్ అనే ఆయన కూడా సుమారు ఆ రోజుల్లోనే ఇటువంటి ప్రయత్నం చేశాడు కాబట్టి మొట్టమొదటివాడు ఎవరనే వాదన మనకు అనవసరం. నడిచి చూపించిన వాళ్ళలో పోర్షే ముందువరసలోని వాడు. 1901లో ఒకే పెద్ద ఇంజనుతో మిక్స్‌టె అనే అమ్మకపు బండి వచ్చింది. దాన్ని స్వయంగా నడిపి 1902లో ఎక్సెల్‌బెర్గ్ కొండ పందెంలో గెలిచాడు కూడా.

మరి గెలిచిన బండి అమ్ముడుపోయిందా? లేదు. లోనర్-పోర్షే బండ్లు మొత్తం మూడువందల దాకా అమ్ముడైతే వాటిలో ఎక్కువ భాగం వుత్త బ్యాటరీ బండ్లే. మిక్స్‌టెలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. కారణం సులభంగానే అర్థమవుతుంది. ఇంజనూ కొనాలి, డైనమో కొనాలి, మోటార్లూ కొనాలి, బ్యాటరీ కూడా కొనాలి. చెడిపోతే బాగుచేయించే వస్తువులూ అన్నే. పైగా శక్తి ఇంజనులో పుట్టి కరెంటుగా మారి మళ్ళీ కదలికగా మారే దారిలో ప్రతి మజిలీలోనూ కొంత సుంకం చెల్లించవలసిందే. ఇంత పెట్టుబడి తిరిగి రావాలంటే ఆదా అయ్యే పెట్రోలు ఖరీదైనదిగా వుండాలి. సరిగ్గా అప్పుడే, 1901 జనవరిలో, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో స్పిండిల్‌టాప్ దగ్గర భూమిలోంచి చమురు ఫౌంటెనులా చిమ్మింది. చమురు ధర పడిపోయింది. 1908లో ఫోర్డు మోడల్ టి వచ్చి సామాన్యుడికి చవకైన పెట్రోలు బండి చూపించింది. 1912లో కాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టరు వచ్చి, చేత్తో హాండిలు తిప్పే బాధ కూడా పోయింది. బుద్ధికి గెలుపు, జేబుకు ఓటమి! మిక్స్‌టె కథ అంతే.

1906లో పోర్షే ఆస్ట్రో-డైమ్లర్ కంపెనీకి ప్రధాన డిజైనరుగా వెళ్ళాడు. 1910లో ప్రిన్స్ హెన్రీ పందెంలో తన పెట్రోలు కారును తానే నడిపి గెలిచాడు. అయినా పాత ఆలోచనను వదలలేదు. ఆస్ట్రియా సైన్యం కోసం ఒక రోడ్డు రైలు చేశాడు. ముందున్న ట్రాక్టరులో ఇంజనూ డైనమో. దాని నుంచి తీగల ద్వారా వెనక బండ్ల చక్రాల్లోని మోటార్లకు కరెంటు. ప్రతి బండీ తన చక్రాలతో తానే నడుస్తుంది కాబట్టి ఎంత బరువైనా కొండలెక్కేది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రహ్మాండమైన ఫిరంగుల్ని లాగింది ఈ జాతి బండ్లే. ఇక్కడ ఆయన ఆలోచన నెగ్గింది. అంత బరువుకు తట్టుకునే గేరుపెట్టె చేయటం కంటే కరెంటుతో లాగించటమే సుఖం. ఇంజనుతో డైనమో తిప్పి, ఆ కరెంటుతో మోటార్లు నడిపే సూత్రం మీదనే మన రైల్వే డీజిల్ ఇంజన్లూ నడిచాయి. కాజీపేట షెడ్డులో 2,600 అశ్వశక్తి డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజన్లు చూసినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కారులో గిట్టనిది రైలులో గిట్టింది. యంత్రం మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు రాదు; ఏ పనికి, ఎంత బరువుకు, ఎన్ని మైళ్ళకు అని అడగాలి.

యుద్ధం తరువాత ఆయన మనసు చవకైన చిన్న కారు మీదికి మళ్ళింది. యజమానులకు అది రుచించలేదు. 1923లో ఆస్ట్రో-డైమ్లర్ వదిలి స్టుట్‌గార్ట్‌లోని డైమ్లర్‌కు, 1929లో స్టెయిర్ కంపెనీకి మారి, చివరికి 1931లో స్టుట్‌గార్ట్‌లోనే సొంత డిజైన్ ఆఫీసు పెట్టాడు. 1934 జూన్‌లో హిట్లరు ప్రభుత్వపు ప్రోత్సాహంతో జనం కారు తయారుచేసే ఒప్పందం కుదిరింది. వెయ్యి మార్కుల లోపు ధర వుండాలన్నది షరతు. తక్కువ భాగాలు, గాలితో చల్లబడే ఇంజను, నీళ్ళ రేడియేటరు లేదు. ఒకప్పుడు ఒక బండిలో రెండు యంత్రాలు పెట్టిన మనిషే ఇప్పుడు ఒక్క యంత్రంలో ఏమేమి తీసేయవచ్చా అని చూశాడు. ఇదే తరువాత బీటిల్‌గా ప్రసిద్ధికెక్కి, 2003లో వుత్పత్తి ఆగేనాటికి రెండు కోట్ల పదిహేను లక్షలు దాటింది.

ఆయన జీవితంలోని చీకటి అధ్యాయాన్ని దాచటం న్యాయం కాదు. 1937లో ఆయన నాజీ పార్టీలో చేరాడు. జనం కారు కోసం వారంవారం పొదుపు స్టాంపులు కొన్న మూడు లక్షలకు పైచిలుకు జర్మన్లలో ఒక్కరికీ యుద్ధానికి ముందు బండి అందలేదు. ఆ ఫ్యాక్టరీలో యుద్ధకాలంలో బలవంతపు కూలీల చేత, యుద్ధఖైదీల చేత, నిర్బంధ శిబిరాల బందీల చేత పని చేయించారు. ప్రతి మరకూ, ప్రతి మార్కూ లెక్క చూసిన ఇంజనీరు ఈ లెక్క చూడలేదు.

మూడోసారి ఆయన హైబ్రిడ్ వైపు తిరిగింది ఆ రోజుల్లోనే. టైగర్ టాంకు కోసం పెట్రోలు ఇంజన్లు, డైనమోలు, మోటార్లతో ఒక నమూనా ఇచ్చాడు. అది నడవటానికి నానా తంటాలు పడింది. పైగా దానికి కావలసిన రాగి జర్మనీలో కరువు. 1942లో సైన్యం హెన్షెల్ కంపెనీ వారి మామూలు గేర్ల టాంకునే ఎంచుకుంది. అప్పటికే తయారైపోయిన తొంభై దాకా చట్రాల మీద పెద్ద ఫిరంగి ఎక్కించి, ఆయన పేరుతోనే ఫెర్డినాండ్ అని పిలిచి 1943లో కుర్స్క్ యుద్ధానికి పంపారు. అరవై అయిదు టన్నుల బండి! లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని కాక, కిలోమీటరుకు ఎన్ని లీటర్లు అని అడగవలసిన బండి. పెట్రోలుకు కటకటలాడే దేశానికి ఇదా వుపాయం? తన ఆలోచన మీద మమకారం ముదిరితే లెక్క ఎలా తప్పుతుందో చెప్పటానికి ఇంతకంటే వుదాహరణ అక్కరలేదు.

యుద్ధం ముగిశాక 1945 డిసెంబరులో ఫ్రెంచివారు ఆయన్ను నిర్బంధించారు. ఇరవై నెలల తరువాత 1947లో విడుదలయ్యేసరికి ఆరోగ్యం చెడింది. కొడుకు ఫెర్రీ 1948లో పోర్షే పేరుతో తొలి కారు తెచ్చాడు. తండ్రి 1951 జనవరి 30న స్టుట్‌గార్ట్‌లో కన్నుమూశాడు.

ఆయన పోయిన ఇరవై రెండేళ్ళకు, 1973 అక్టోబరు నుంచి కొద్ది నెలల్లో, పీపా చమురు ధర మూడు డాలర్ల ప్రాంతం నుంచి పన్నెండు డాలర్ల దాకా పోయింది. మూలపడిన ఆలోచనల దుమ్ము దులిపారు. 1997 డిసెంబరులో జపానులో టొయోటా ప్రియస్ అమ్మకానికి వచ్చింది. పోర్షే చేతిలో లేనివి దానిలో మూడున్నాయి: తేలికైన బ్యాటరీ, ఇంజను బలాన్ని చక్రాలకూ డైనమోకూ పంచే గేర్ల అమరిక, ఆ రెంటినీ క్షణక్షణం నడిపే కంప్యూటరు. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తి బ్యాటరీలోకి పోతుంది. సిగ్నలు దగ్గర ఇంజను ఆగిపోతుంది. అందుకే హైబ్రిడ్ లాభం వూళ్ళోని ట్రాఫిక్‌లో ఎక్కువ, ఆగకుండా పోయే హైవే మీద తక్కువ.

ఇప్పుడు మన లెక్క వేద్దాం. హైబ్రిడ్‌కు అదనంగా రెండు లక్షలు పెట్టామనుకోండి. మామూలు బండి లీటరుకు 15, హైబ్రిడ్ 22 కిలోమీటర్లు ఇస్తుందనీ, లీటరు పెట్రోలు 100 రూపాయలనీ అనుకుందాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే 212 లీటర్లు, అంటే 21,200 రూపాయలు మిగులుతాయి. అదనపు సొమ్ము తిరిగి రావటానికి తొమ్మిదిన్నర ఏళ్ళు. పెట్రోలు 150 అయినా ఆరేళ్ళు దాటుతుంది. అదే టాక్సీవాడు ఏడాదికి 30,000 తిరిగితే, ధర పెరగకుండానే మూడేళ్ళ చిల్లరలో వస్తుంది. అప్పు చేసి కొంటే వడ్డీ కూడా కలుపుకోవాలి. అంటే తేల్చేది పెట్రోలు ధర ఒక్కటే కాదు. మనం తిరిగే దూరం అంతకంటే పెద్ద అంశం. బంకు దగ్గర ధర చూసి గుండెలు బాదుకుని, వారానికొకసారి తీసే బండిని హైబ్రిడ్‌గా మార్చుకునే లెక్చరరు మిక్స్‌టె కొన్న ప్రభువుకు వారసుడు. పొద్దస్తమానం వూళ్ళో తిరిగే బస్సు, టాక్సీ, సరుకుల బండి మొదట హైబ్రిడ్ అయితే దేశానికీ లాభం, యజమానికీ లాభం.

పొగ తగ్గటం, దిగుమతి చమురు మిగలటం లాంటి లాభాలు జేబు లెక్కలోకి రావు గాని అవీ లాభాలే. వాటికోసం ఎవరైనా రెండు లక్షలు ఇష్టపడి పెడితే మెచ్చుకోవాలి. అయితే అది ఆదా అని తనను తాను మభ్యపెట్టుకోకూడదు. పోర్షే మేధస్సుకు నమస్కరిద్దాం. ఆయన చూసుకున్న లెక్కల్ని నేర్చుకుందాం. చూడకుండా వదిలేసిన లెక్కల్ని మాత్రం, ముఖ్యంగా మనుషుల లెక్కను, రేపు ఇంజనీర్లు కాబోయే మిత్రులు మరువకూడదు.