జారెడ్ స్పార్క్సు చరిత్రము

చరిత్రకారుఁడగు జారెడ్ స్పార్క్సు 1789లో అమెరికా దేశమున, కనెక్టికట్ రాష్ట్రమందు నిరుపేద యింట జన్మించెను. యౌవనమున వడ్రంగము చేసి, బడిపంతులై, 1815లో హార్వర్డున పట్టభద్రుఁడయ్యెను. జార్జి వాషింగ్టను లేఖలను సేకరించి 12 సంపుటములుగాఁ బ్రకటించెను. హార్వర్డులోనే చరిత్రాచార్యుఁడై, 1849లో ఆ విద్యాపీఠమున కధ్యక్షుఁడయ్యెను.

ఆ పదవియందుండఁగనే లేఖలను దిద్దెనను నింద యాయనకు వచ్చెను. సేనాని పట్నమును వాషింగ్టను చనువుగఁ బేర్కొన్నచోట స్పార్క్సు గౌరవనామము నుంచెను. 1852లో సమాధానములు ముద్రించెను. 1853లో పదవి విడిచి, 1866లో కీర్తిశేషుఁడయ్యెను.

ఉలి పట్టిన చేయి విద్యాపీఠము నధిష్ఠించుట మాకు హర్షదాయకము. అయినను భక్తిచేనైనను పూర్వుల వ్రాఁతను మార్చుట తగదని మా యభిప్రాయము. మన సంఘచరిత్రమును వ్రాయఁబూనిన యువకులు పెద్దల పత్రములను ఉన్నవి యున్నట్లే ముద్రింతురు గాక!