నాణెములు చదివిన దొర: సర్ వాల్టర్ ఇలియట్

రాజోలు, అమలాపురము ప్రాంతముల పాతయిండ్లలో పెండ్లినాడు పెట్టె అడుగునుండి కాసులపేరు వెలికి వచ్చును. పెండ్లికూతురి మెడలో అది మెరయుట అందరును చూతురు గాని, ఒక్కొక్క కాసుమీద ఏ బొమ్మ యున్నదో, ఏ అక్షర మున్నదో పరికించువారు అరుదు. కరవు వచ్చినను, కొత్త నగపై మనసు పోయినను ఆ కాసులు కంసాలి మూసకు పోవును. బంగార మెక్కడికిని పోదు, దానిమీది రాజు పేరు మాత్రము కరగిపోవును. అట్లు కరగకముందే తెలుగుదేశపు నాణెములను వెదకి, కూర్చి, వాని భాషను చదువ యత్నించిన తొలివారిలో సర్ వాల్టర్ ఇలియట్ ముఖ్యుడు.

ఆయన 1803వ సంవత్సరము జనవరి 16వ తేదిన స్కాట్లండు దేశమందలి ఎడింబరోలో జన్మించెను. 1821లో కుంపిణీవారి సివిలు ఉద్యోగిగా చెన్నపట్టణము చేరెను. కొలది కాలమునకే ధార్వాడ ప్రాంతమునకు పంపబడెను. 1824లో కిత్తూరు రాణి చెన్నమ్మ సేనలు కుంపిణీవారి నెదిరించి కలెక్టరు థాకరేను కూల్చినప్పుడు, ఇలియట్ బందీగా చిక్కి కొన్ని వారములు చెరలో నుండెను. ఇరువదియొక్క యేండ్ల యువకునకు అది చిన్న దెబ్బ కాదు. ఐనను ఆయన ఆ దేశమును విడువలేదు. అచ్చటి గుళ్లలోను, పొలాల గట్లమీదను నిలిచియున్న శిలాశాసనములకు నకళ్లు వ్రాయింపసాగెను. అవి 595 శాసనములై రెండు పెద్ద సంపుటములైనవి. చాళుక్యవంశపు రాజుల వరుస పండితలోకమునకు మొదట విశదమైనది ఆ కృషివలననే.

తెలుగుదేశముతో ఆయనకు గాఢమైన సంబంధ మేర్పడినది 1845లో. 1832-33 నాటి నందన కరవు గుంటూరుసీమను పీల్చివేసినది. గ్రామములు పాడువడినవి, శిస్తు బకాయిలు కొండలైనవి. ఆ దురవస్థను విచారించుటకు ప్రభుత్వమువారు ఇలియట్‌ను నియమించిరి. ఆయన నివేదిక ననుసరించి ఉత్తర సర్కారు లన్నింటిని ఒక కమీషనరు క్రింద నుంచి, ఆ పదవిని ఆయనకే యిచ్చిరి. రాజోలుసీమయు ఆ సర్కారులలోనిదే. 1854 వరకు ఆయన ఆ పనిలో నుండెను. కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించి కోనసీమకు నీరిచ్చినది (1847-52) ఆ కాలముననే.

1845లోనే అమరావతి దిబ్బను త్రవ్వించి పెక్కు శిల్పఫలకములను ఆయన చెన్నపట్టణమునకు పంపించెను. అచ్చట అవి చాలకాలము ఎండకు వానకు పడియుండి, 1859లో ఓడ నెక్కి లండను చేరినవి. వానికి ఆయన పేరే స్థిరపడినది. మన బౌద్ధశిల్పము పరదేశపు గోడల కెక్కుటకు కారకుడైనవానిని మనము సులభముగా క్షమింపజాలము. ఐనను, ఆయనకు పూర్వము ఆ దిబ్బరాళ్లు ఇండ్లకును కట్టడములకును తరలిపోవుచుండె ననుటయు మరువరాదు.

ఇక నాణెముల మాట. ఉద్యోగరీత్యా ఎన్ని ఊళ్లు తిరిగినను ఆయన వానిని వెదకుట మానలేదు. బంగారు పద్మటంకములు, విజయనగర వరహాలు మొదలు బీదవాని సీసపు బిళ్లలవరకు ఆయన కన్నియు విలువైనవే. సామాన్యముగా సేకర్తలు బంగారమునే వాంఛింతురు. సీసమును చేరదీయుటలోనే ఈయన పాండిత్యము తెలియును. సాతవాహనుల కాలపు అట్టి సీసపు నాణెములలో కొన్నింటిపై రెండు స్తంభముల ఓడబొమ్మ కలదు. పదునెనిమిది వందల యేండ్ల క్రిందట మన తూర్పుతీరమునుండి వర్తకపు నావలు సాగెననుటకు ఇంతకంటె చక్కని సాక్ష్యము వేరేల?

తూర్పు చాళుక్యుల బంగారు నాణెములు చూడ ముచ్చటగా నుండును. పలుచని పెద్ద రేకు. నడుమ వారి కులచిహ్నమైన వరాహము, దానిపై గొడుగు, ప్రక్కల చామరములు. చుట్టును రాజు పేరులోని అక్షరములు ఒక్కొక్కటి వేరువేరు ముద్రతో కొట్టబడి యుండును. బడిపిల్లవాడు పలకమీద అక్షరములు విడివిడిగా దిద్దినట్లుండును ఆ వరుస. నన్నయభట్టారకుని పోషించిన రాజరాజనరేంద్రుని పేరుతో ఇట్టి నాణెములు కలవు. అవి బర్మా దేశమందలి అరకాన్ తీరమున చెదూబా ద్వీపమునందు సైతము దొరకినవి. గోదావరి యొడ్డున ముద్రవడిన పేరు సముద్రముదాటి పోయినదన్నమాట. మనము వాడుకొను వరహా యను మాటయు ఆ వరాహపు బొమ్మనుండి పుట్టినదే. డబ్బు అనునదియు ఒకప్పుడొక రాగినాణెమునకు పేరు. నాణెము చెల్లుబాటు తప్పినను మాట చెల్లుచునే యున్నది.

నాణెములతో ఆయన ఆసక్తి తీరలేదు. ఉత్తర సర్కారులలోని మొక్కలను వాని తెలుగు పేర్లతో సహా కూర్చి ‘ఫ్లోరా ఆంధ్రికా’ యను గ్రంథమును 1859లో ప్రకటించెను. పల్లెవాని నోట చెట్టు పేరెట్లు పలుకునో వ్రాసికొన్న దొర లెందరు? ప్రకృతిశాస్త్రవేత్త డార్విన్‌కును ఆయన పక్షుల చర్మములు పంపెను.

చెన్నపట్టణపు కౌన్సిలు సభ్యత్వము ముగించుకొని 1860లో స్వదేశము చేరెను. 1866లో సర్ బిరుదు వచ్చెను. వుల్ఫిలీ అను తన గ్రామములో శేషజీవితము గడుపుచుండగా చూపు క్రమముగా సన్నగిల్లి, దాదాపు పూర్తిగా పోయెను. నాణెములపై పెద్దగ్రంథము పూర్తికావలసియున్న కాలమది. చిల్లిగవ్వంత బిళ్లపై అరిగిన గీతను బట్టి రాజును గుర్తింపవలసిన శాస్త్రమునకు కన్నులే ఆయుధము. ఆ ఆయుధము పోయినను ఆయన పని మానలేదు. పరుల కన్నులను, తన జ్ఞాపకమును ఆధారము చేసికొని ‘కాయిన్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ అను గ్రంథమును ముగించెను. 1886లో అది లండనులో వెలువడెను. దక్షిణదేశపు నాణెములను గూర్చి వ్రాయ దలచిన పిదపివారు దాని తలుపు తట్టక ముందుకు పోలేదు. ఆయన సేకరించిన నాణెములలో హెచ్చుభాగము బ్రిటిషు మ్యూజియమునకు చేరినది.

1887 మార్చి 1వ తేది ఉదయమున ఆయన తమిళ పండితుడైన డాక్టరు పోప్‌కు ఒక జాబు చెప్పి వ్రాయించెను. పోప్ కూర్చిన తిరుక్కురళ్ ముద్రణమును గూర్చి క్రిందటిదినమున విన్న సమీక్షను మెచ్చుకొని, నిఘంటువు పని ఎంతవరకు వచ్చినదో విచారించి, ఒక సూచన చేసెను. జాబుపై తన చేతితోనే సంతకము చేసెను. ఆ సాయంకాలమే ఆయన మరణించెను.