మృదంగ నాదం నుంచి సముద్రపు నీలం దాకా... సర్ సి.వి. రామన్

సర్ చంద్రశేఖర వేంకట రామన్ పేరు వినగానే కాంతి గుర్తుకు వస్తుంది. ఆయన పరిశోధనా జీవితపు తొలి పదిహేనేళ్లలో పెద్ద భాగం ధ్వనికే అంకితమైందన్న సంగతి పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పవు. మృదంగం ఎందుకు శ్రుతిలో పలుకుతుందన్న ప్రశ్నకూ, సముద్రం ఎందుకు నీలంగా ఉంటుందన్న ప్రశ్నకూ ఆయన దృష్టిలో దూరం లేదు. ఆయన నోబెల్‌ను చేరుకున్న దారి అర్థం కావాలంటే ముందు ధ్వనిని పట్టించుకోవాలి.

1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో జన్మించిన రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకుడు. గణితం, భౌతికశాస్త్రం ఆ ఇంటి పుస్తకాల అరలోనే ఉండేవి. సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తిచేసిన ఆ బాలుడు, ఏవీఎన్ కళాశాలలో ఎఫ్.ఏ. ముగించి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. అక్కడ విద్యార్థిగా ఉండగానే, 1906లో, కాంతి వివర్తనంపై ఆయన రాసిన తొలి పరిశోధనా పత్రం లండన్ పత్రిక ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు.

ఆ రోజుల్లో విజ్ఞానశాస్త్రం చదివిన భారతీయ యువకుడికి పరిశోధన జీవనోపాధి కాదు. రామన్ ఆర్థిక శాఖ పరీక్ష రాసి, 1907లో కలకత్తాలో సహాయ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. అదే ఏడు లోకసుందరితో వివాహమైంది. బౌబజార్ వీధిలో మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన భారత విజ్ఞాన వికాస సంఘం ప్రయోగశాల దాదాపు నిరుపయోగంగా పడి ఉంది. పగలు ప్రభుత్వ లెక్కలు, ఆఫీసుకు ముందూ తరువాతా ప్రయోగాలు. మధ్యలో రంగూన్, నాగపూర్ బదిలీలను మినహాయిస్తే ఇలా పదేళ్లు సాగింది. 1917లో అశుతోష్ ముఖర్జీ పిలుపుపై జీతం తగ్గినా ఉద్యోగం వదిలి, కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవి స్వీకరించారు. హోదా, భద్రత, పెన్షన్ ఉన్న పదవిని ఆ కాలంలో వదులుకోవడం చిన్న నిర్ణయం కాదు.

ఆ సాయంకాలాల్లో ఆయన వాద్యాలపై పనిచేశారు. ధ్వని అంటే కంపనం. తీగ కంపించినప్పుడు మూల స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాలు గల అనుస్వరాలూ పుడతాయి. అవి పూర్ణాంక నిష్పత్తిలో ఉండబట్టే వీణ, వయొలిన్ చెవికి ఇంపు. మామూలు డప్పు అలా కాదు. ఏకరీతిగా బిగించిన చర్మం మొదటి స్వరం తరువాత పలికేది రెట్టింపు పౌనఃపున్యం కాదు, సుమారు 1.59 రెట్లు. అందుకే అది మోతగా వినిపిస్తుంది. మృదంగం, తబలా మాత్రం స్వరంగా పలుకుతాయి. చర్మం నడుమ పూసిన నల్లని ముద్ద బరువు కంపనాల పౌనఃపున్యాలను సర్ది, దాదాపు పూర్ణాంక వరుసలోకి తెస్తుందని రామన్ చూపారు. ఆ చర్మంపై సన్నని ఇసుక చల్లి, కదలిక లేని గీతల వెంట అది పోగవడాన్ని గమనించి ఆయన ఈ విషయాన్ని నిరూపించారు. పేరు తెలియని వాద్యశిల్పులు చెవితో సాధించినదానికి ఆయన లెక్క కట్టారు.

1921లో తొలిసారి ఇంగ్లండు వెళ్లారు. లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్ గుమ్మటం కింద గోడకు నోరు చేర్చి గుసగుసలాడితే ఎదుటి వైపు గోడ దగ్గర స్పష్టంగా వినిపిస్తుంది. ధ్వని గోడను అంటుకుని పాకుతుందని లార్డ్ రేలీ అంతకుముందే వివరించారు. గోడ నుంచి లోపలికి జరిగేకొద్దీ ఆ ధ్వని ఏకరీతిగా తగ్గక, హెచ్చుతగ్గులతో మారుతుందని రామన్ తన సహచరుడితో కలిసి గుర్తించారు.

తిరుగు ప్రయాణంలో మరోసారి ఆయన రేలీని సవరించారు. మధ్యధరా సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబమేనన్నది రేలీ మాట. నీటిపై పరావర్తనమైన కాంతి ధ్రువణం చెందుతుంది. నార్కుండా ఓడపై రామన్ చేతిలోని నికోల్ పట్టకం ఆ కాంతిని అడ్డుకుంది. ప్రతిబింబం తొలగితే నీలం మాయం కావాలి. అది మరింత గాఢమైంది. నీటి అణువులే కాంతిని పరిక్షేపిస్తున్నాయన్న మాట. ఎరుపు కన్నా నీలం ఎక్కువగా పరిక్షేపణం చెందుతుంది. పైగా నీరు ఎరుపును కొంత పీల్చుకుంటుంది.

తరువాతి ఏడేళ్లు కలకత్తాలో ఈ పరిక్షేపణం మీదే గడిచాయి. కె.ఎస్. కృష్ణన్ ఇందులో ప్రధాన సహచరుడు. ఆయన వంతును తక్కువగా చెప్పడం న్యాయం కాదు. సూర్యకాంతిని నీలి వడపోత గుండా ద్రవంలోకి పంపి, బయటికి వచ్చే దారిలో ఆకుపచ్చ వడపోత ఉంచారు. రంగు మారకపోతే ఏమీ కనబడకూడదు. మందంగానైనా కాంతి కనబడింది. 1928 ఫిబ్రవరి 28న వర్ణపటదర్శినితో చూసి దీన్ని ధ్రువపరచుకున్నారు. దాదాపు 60 ద్రవాల్లో ఇదే తీరు. మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌స్టామ్ అదే సమయంలో స్ఫటికాల్లో దీన్ని చూసినా, వారి వివరాలు వెలువడింది తరువాతే.

ఇక్కడే ధ్వని మళ్లీ వస్తుంది. అణువు కూడా బిగించిన తీగ వంటిదే, తనదైన పౌనఃపున్యాలతో కంపిస్తుంది. తాకిన కాంతిలో అత్యధిక భాగం రంగు మారకుండా వెళ్లిపోతుంది. కోటికి ఒకటి అనదగినంత స్వల్ప భాగం మాత్రం అణువుకు కొంత శక్తిని ఇస్తుంది, లేదా దాని నుంచి తీసుకుంటుంది. ఆ మేరకు రంగు మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే అణువు ఏ స్వరంలో కంపిస్తోందో తెలుస్తుంది. నేడు మందుల నాణ్యత పరీక్షలోనూ, రత్నాల గుర్తింపులోనూ ఈ పద్ధతినే వాడుతున్నారు. 1930లో భౌతికశాస్త్ర నోబెల్ రామన్‌కు లభించింది. విజ్ఞానశాస్త్రంలో ఆసియాకు అది మొదటిది. ఆయన వద్ద ఈ విద్య నేర్చిన సూరి భగవంతం తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రామన్ ఫలితంపై పరిశోధన నెలకొల్పారు.

1933లో రామన్ బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థకు తొలి భారతీయ సంచాలకుడిగా వెళ్లారు. ఆ కాలంలోనే నాగేంద్రనాథ్‌తో కలిసి, ద్రవంలో సాగే అతిధ్వని తరంగాలు కాంతిని ఎలా చీలుస్తాయో లెక్కించారు. ధ్వని, కాంతి ఒకే సమీకరణంలో కలిశాయి. స్వభావంలో మాత్రం మొండితనం ఉండేది. ఆడపిల్ల అన్న కారణంగా కమలా భాగవత్‌కు సంస్థలో ప్రవేశం మొదట నిరాకరించి, తరువాత షరతులతో చేర్చుకున్నారు. ఆమె పని చూసి అభిప్రాయం మార్చుకున్నారు. పాలకవర్గంతో విభేదాల వల్ల 1937లో సంచాలక పదవి వదిలినా, ఆచార్యుడిగా 1948 వరకు కొనసాగారు. ఆపై తన పేరనే వెలసిన పరిశోధన సంస్థలో పూల రంగుల మీద, రత్నాల మీద పనిచేశారు. 1954లో భారతరత్న పొందారు.

1970 నవంబరు 21న కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు ఆ సంస్థ ఆవరణలోనే, పెద్దగా ఆచారాలు లేకుండా దహనం జరిగింది. ఆ చోట సమాధి కట్టలేదు; ఒక చెట్టు నాటారు.