ఇల్లాలి పేరిట చదువుల గుడి.. నేతి మిఠాయికి చిరునామా పుల్లారెడ్డి

మాక్లూర్: ఏటా ఇంజినీరింగ్ ప్రవేశాల వేళ మాక్లూర్, నందిపేట, ఆర్మూర్ ప్రాంతాల తల్లిదండ్రులు ఆడపిల్లల చదువు కోసం హైదరాబాద్ కళాశాలల వివరాలు ఆరా తీస్తారు. ఆ వరుసలో జి.నారాయణమ్మ పేరిట ఉన్న మహిళా ఇంజినీరింగ్ కళాశాల ప్రస్తావన తప్పక వస్తుంది. ఆ నారాయణమ్మ ఎవరని అడిగితే చెప్పగలిగిన వారు అరుదు. ఆమె కర్నూలులో మిఠాయి దుకాణం నడిపిన ఒక వ్యాపారి అర్ధాంగి. పెళ్లిళ్లకు, పండుగలకు తెలుగువారు తెచ్చుకునే నేతి మిఠాయిల పెట్టెపై కనిపించే జి.పుల్లారెడ్డే ఆ వ్యాపారి. పెద్ద చదువు లేకుండా పొయ్యి ముందు జీవితం ఆరంభించిన ఆయన, సంపాదించిన దానిలో భాగాన్ని ఇతరుల బిడ్డల చదువుకు మళ్లించారు. ఆడపిల్లల కళాశాలకు కట్టుకున్న భార్య పేరు పెట్టుకున్నారు. చిన్న పట్టణ వ్యాపారిగా, కుటుంబ పెద్దగా ఆయన సాగించిన జీవితం నేటి తరం తెలుసుకోదగినది.

గోకవరం నుంచి కర్నూలుకు

గుణంపల్లి పుల్లారెడ్డి 1920 ఆగస్టు 12న కర్నూలు జిల్లా గోకవరం గ్రామంలో జన్మించారు. తల్లి పుల్లమ్మ, తండ్రి హుస్సేన్‌రెడ్డి. హిందూ రైతు కుటుంబంలో హుస్సేన్ అన్న పేరు ఉండటం కొత్తవారికి వింతగా తోచవచ్చు. దర్గాలకు మొక్కుకుని, పుట్టిన బిడ్డలకు పీర్ల పేర్లు పెట్టుకోవడం రాయలసీమ పల్లెల్లో ఆనాటికి సాధారణమైన ఆచారం. వర్ని మండలంలోని బడాపహాడ్ దర్గాకు కులమతాల పట్టింపు లేకుండా మొక్కులు చెల్లించే ఈ జిల్లా ప్రజలకు ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

కరవు సీమలో పుట్టిన పిల్లవాడికి చదువు ఎక్కువగా అబ్బలేదు. ప్రాథమిక స్థాయితోనే బడి ముగిసింది. బతుకుదెరువు కోసం కర్నూలు పట్టణానికి చేరి చిన్నాచితకా వ్యాపారాలు చేశారు. నారాయణమ్మతో వివాహమైంది. సంసార భారం మీద పడిన ఆ దశలోనే నిలకడైన వ్యాపారం కోసం ఆయన అన్వేషణ సాగింది. అది చివరకు మిఠాయిల వద్ద ఆగింది.

పంచదార కొరత నాటి ప్రారంభం

పుల్లారెడ్డి మిఠాయిల దుకాణం 1948లో మొదలైంది. ఆ కాలాన్ని తలచుకుంటే అదెంత సాహసమో అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం కారణంగా 1942లో బ్రిటిష్ ప్రభుత్వం పంచదారపై నియంత్రణ విధించింది. 1947 డిసెంబరులో ఆ నియంత్రణను ఎత్తివేశారు. ధరలు పెరిగి, సరకు దొరకక ప్రజలు ఇబ్బంది పడటంతో 1949లో తిరిగి విధించారు. పంచదార నేడు దొరికి రేపు దొరకని ఆ రోజుల్లో, దానినే నమ్ముకుని ఆయన వ్యాపారానికి దిగారు.

కర్నూలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని సరిహద్దు పట్టణం. తుంగభద్ర ఆవలి ఒడ్డు నిజాం రాజ్యం. ఆ రాజ్యంలోనే ఉన్న బోధన్‌లో 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. మంజీర తీరాన చెరకు బండ్లు బారులు తీరుతున్న కాలమది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. ఒకే ఏడాదిలో తుంగభద్రకు ఒకవైపు రాజ్యం మారగా, మరోవైపు ఒక చిన్న కొట్టు వెలిసింది. రాజ్యం మార్పు చరిత్ర పుస్తకాలకెక్కింది. కొట్టు మాత్రం జనం నోట నిలిచింది.

నేతి విషయంలో రాజీ లేదు

మిఠాయి వ్యాపారికి అసలు పరీక్ష నెయ్యి దగ్గరే ఎదురవుతుంది. వనస్పతి నూనె 1937లో డాల్డా పేరుతో దేశ విపణిలోకి వచ్చింది. చూపునకు నెయ్యిని పోలి ఉండటం, ధర తక్కువ కావడం వల్ల మిఠాయి కొట్లలోకి వేగంగా ప్రవేశించింది. నేతిలో వనస్పతి కలిపి అమ్ముతున్నారన్న ఆందోళన ఎంతగా పెరిగిందంటే, స్వాతంత్య్రానంతరం దానిని నిషేధించాలా వద్దా అన్న చర్చ ఢిల్లీ దాకా వెళ్లింది.

కిలో నెయ్యి కావాలంటే చిక్కటి గేదె పాలైనా ఇంచుమించు పదిహేను లీటర్లు అవసరం. పాలు తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి, కాచి వడకట్టే శ్రమ దానికి అదనం. అందుకే అసలు నెయ్యితో చేసిన మైసూర్‌పాక్‌కు, వనస్పతితో చేసిన దానికి ధరలో పొంతన ఉండదు. కొన్నవాడు చూసి కనిపెట్టలేడు. వ్యాపారి మోసం చేయాలనుకుంటే ఆ రోజుకు తెలియదు. కొనేవారి చేతిలో ఉన్నది నమ్మకం ఒక్కటే.

పుల్లారెడ్డి ఈ నమ్మకం పైనే వ్యాపారం నిలబెట్టారు. స్వచ్ఛమైన నేతి మిఠాయి అన్న మాటే దుకాణానికి గుర్తింపు అయింది. ధర కొంత ఎక్కువైనా సరే, పిల్లలకు పెట్టేది, వియ్యాలవారికి పంపేది అక్కడిదే కావాలని జనం కోరుకునే స్థితి వచ్చింది. పేరు ఒక్కరోజులో రాలేదు. లడ్డూకు తీగపాకం, గట్టి మిఠాయిలకు ముదురుపాకం, ఏ పాకం ఎప్పుడు దించాలన్నది చేతికి తెలిసే విద్య. ఏళ్ల తరబడి ప్రతి వాయిలోనూ అదే రుచి రావాలంటే యజమాని కన్ను పొయ్యి మీద నుంచి మరలకూడదు.

రాజధాని తెచ్చిన గిరాకీ

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. మంత్రులు, శాసనసభ్యులు, ఉద్యోగులు, పనుల కోసం వచ్చే జనంతో పట్టణం కిక్కిరిసింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారు తిరుగు ప్రయాణంలో మిఠాయి పొట్లాలు వెంట తీసుకెళ్లారు. పత్రికలలో ప్రకటన అవసరం లేకుండానే ఊరూరా పేరు పాకింది. ఈ భాగ్యం ఎక్కువ కాలం నిలవలేదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించడంతో రాజధాని హైదరాబాద్‌కు తరలిపోయింది. కర్నూలు మళ్లీ జిల్లా కేంద్రంగా మిగిలింది.

రాజధాని పోయిన పట్టణంలో వ్యాపారాలు కుదేలు కావడం సహజం. పుల్లారెడ్డి పేరు మాత్రం ఆ తరలింపుతో తగ్గలేదు. తన రుచికి అలవాటుపడినవారు ఉన్న చోటికి ఆయనా వెళ్లారు. హైదరాబాద్ అబిడ్స్‌లో దుకాణం తెరిచారు. నిజామాబాద్ జిల్లావాసులకు ఆయన మిఠాయి పరిచయమైంది ఎక్కువగా అక్కడి నుంచే. కర్నూలు, నిజామాబాద్ రెండూ ఒకప్పుడు కాచిగూడ మీదుగా సాగే మీటర్‌గేజ్ రైలు మార్గానికి చెరోవైపు ఉండేవి. రాజధానిలో పని చూసుకుని వచ్చే ఇంటి పెద్ద చేతిలో మిఠాయి పెట్టె కోసం పిల్లలు ఎదురుచూసిన తరం ఇప్పటికీ ఈ పల్లెల్లో ఉంది.

ఇల్లూ దుకాణమూ ఒక్కటే

దసరా, దీపావళి, సంక్రాంతి.. నలుగురూ ఇంట్లో పిల్లాపాపలతో గడిపే రోజులే మిఠాయి వ్యాపారికి ఊపిరి సలపని రోజులు. అందుకే ఈ వృత్తిలో ఇంటివారి సహకారం లేనిదే దుకాణం నడవదు. పండుగ నాడు భర్త ఇంట లేడని అలిగే ఇల్లాలు ఉంటే ఆ పొయ్యి ఎక్కువ కాలం వెలగదు. పుల్లారెడ్డి వ్యాపారం తొలి నుంచీ కుటుంబ వ్యాపారంగానే సాగింది. కుమారుడు రాఘవరెడ్డి తండ్రి బాటలో నడిచారు. పుల్లారెడ్డి పేరే దుకాణాల పేరు కావడంతో, ఇంటి పరువు, సరకు నాణ్యత ఒకదానికొకటి ముడిపడ్డాయి. సరకు చెడితే నష్టం ఒక్క వ్యాపారానికే పరిమితం కాదు, ఇంటి పేరుకే మచ్చ వస్తుంది.

తనకు దక్కని చదువు పది మందికి

సంపాదన నిలకడ పొందిన తరువాత పుల్లారెడ్డి దృష్టి విద్య వైపు మళ్లింది. తన పేరిట ధర్మసంస్థను నెలకొల్పారు. 1980వ దశకం మధ్యలో కర్నూలులో జి.పుల్లారెడ్డి ఇంజినీరింగ్ కళాశాల వెలసింది. వానలు లేక, కాలువలు లేక వలస పోయే సీమ ప్రాంతంలో ఇంజినీరింగ్ చదువు అప్పటిదాకా అందని పండు. స్థానిక విద్యార్థులకు ఇంటికి దగ్గరలోనే ఆ అవకాశం లభించింది. తరువాత దంతవైద్య కళాశాల కూడా ఆయన పేరిట ఏర్పడింది.

1997లో హైదరాబాద్ షేక్‌పేటలో ఆడపిల్లల కోసం ఇంజినీరింగ్ కళాశాల ఏర్పాటైంది. దానికి ఆయన నారాయణమ్మ పేరు పెట్టారు. దాతలు తల్లిదండ్రుల పేర్లో, తమ పేర్లో శిలాఫలకాలపై చెక్కించుకోవడం పరిపాటి. వ్యాపారి ఎదుగుదలలో సగభాగం మోసినా లెక్కల పుస్తకంలో ఎక్కడా కనిపించని ఇల్లాలికి ఇంతటి గౌరవం అరుదుగా దక్కుతుంది. పొలం పనికి పోయే తల్లుల బిడ్డలు ఇంజినీర్లుగా పట్టా పుచ్చుకునే ప్రతిసారీ ఆ పట్టాపై నారాయణమ్మ పేరు ఉంటుంది.

ప్రజాజీవితంలోనూ పుల్లారెడ్డి పాత్ర ఉంది. విశ్వహిందూ పరిషత్‌లో ఆయన కోశాధికారి బాధ్యతలు నిర్వహించారు. ఆ సంస్థ భావాలతో ఏకీభవించినవారు, విభేదించినవారు ఇద్దరూ ఉన్నారు. వారిలో ఎవరి ఇంట పెళ్లి జరిగినా ఆయన మిఠాయి పెట్టె చేరడం మాత్రం మానలేదు.

యంత్రాలు ఆగినా పేరు ఆగదు

పుల్లారెడ్డి 2007 మే 9న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 86 ఏళ్లు. దుకాణాలు ఆయన పేరుతోనే కొనసాగుతున్నాయి. కళాశాలల నుంచి ఏటా విద్యార్థులు బయటికి వస్తున్నారు.

ఆయన కొట్టు కంటే పదకొండేళ్ల ముందు పుట్టిన బోధన్ చక్కెర కర్మాగారం కథ వేరుగా ముగిసింది. వేలాది ఎకరాల చెరకు, వందలాది కుటుంబాల ఉపాధి దానిపై ఆధారపడి ఉండేవి. 2002లో ప్రభుత్వం అందులో మెజారిటీ వాటాను ప్రైవేటుకు అప్పగించింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటనతో యంత్రాలు ఆగాయి. చెరకు రైతులు పసుపు, వరి వైపు మళ్లారు. కార్మికులు తలోదారి పట్టారు. ఆసియాలోనే పెద్దదన్న ఖ్యాతి దానిని కాపాడలేకపోయింది.

ప్రభుత్వ కర్మాగారాన్ని, ఒక కుటుంబ దుకాణాన్ని ఒకే తక్కెడలో తూచడం సరికాదు. వాటి బరువులు, బాధ్యతలు వేరు. అయినా మాక్లూర్ కూడలిలో కిరాణా కొట్టో, ఫలహారశాలో తెరిచిన యువకుడికి ఈ కథలో పనికొచ్చే సంగతి ఉంది. దుకాణం ఎంత పెద్దదన్నది ఎవరికీ గుర్తుండదు. తూకం సరిగా ఉందా, నెయ్యి అసలుదేనా, మాట నిలిచిందా అన్నవే గుర్తుంటాయి. పుల్లారెడ్డి ఇంటికి తెచ్చిన ఆస్తుల లెక్క ఎలా ఉన్నా, ఊరికి మిగిల్చింది ఒక రుచి, రెండు పేర్లు. ఒకటి మిఠాయి పెట్టెపై ఉంది. రెండోది ఆడపిల్లల పట్టాలపై ఉంది.