చిన్నగూడూరు నుంచి సినిమా పాటకు

మహబూబాబాద్ జిల్లా (నాడు వరంగల్) చిన్నగూడూరులో 1925 జూలై 22న జన్మించిన దాశరథి కృష్ణమాచార్య, నిజాం పాలనను ధిక్కరించి జైలుపాలయ్యారు. నిజామాబాద్ జైలులో కాగితం లేదు, కలం లేదు. గోడలపై బొగ్గుతోనే పద్యాలు రాశారు. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామికి అంకితమిచ్చారు.

ఆ చేయే 1961లో ‘వాగ్దానం’, ‘ఇద్దరు మిత్రులు’ చిత్రాలకు కమ్మని ప్రేమగీతాలు రాసింది! పెళ్లిపందిళ్ల మైకుల్లో అవి మోగుతుంటే, రాసినది మన మానుకోట వైపు మనిషేనని ఎందరికి తెలుసో!

1974లో ‘తిమిరంతో సమరం’కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1977లో ఆస్థానకవి పదవి వచ్చాయి. 1983లో ప్రభుత్వం ఆ పదవినే రద్దుచేసింది. 1987 నవంబరు 5న దాశరథి కన్నుమూశారు.