గాలి బలాన్ని చూపిన పాస్కల్

మీలో కొందరు పికప్ వ్యాను నడుపుతూ ఉండవచ్చు. కొందరు మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటూ ఉండవచ్చు. మరికొందరు కూరగాయల మూటలు ఎక్కించి, డ్రైవరు పక్కన కూర్చుని సంతకు వెళ్తూ ఉండవచ్చు. నిండా సరుకు ఉన్న బండిని ఒక మనిషి పాదం ఎలా ఆపగలుగుతున్నదో మీరు ఎప్పుడైనా ఆలోచించారా? ఆ బలం కాలిది మాత్రమే కాదు. మన చుట్టూ ఉన్న గాలి కూడా ఆ పనిలో పాలు పంచుకుంటుంది. గాలికి అంత బలం ఉందని లోకానికి నిరూపించిన వారిలో ముఖ్యుడు బ్లేజ్ పాస్కల్. ఈ పాఠంలో అతని జీవితం గురించి, అతని పరిశోధనకూ పాత డీజిల్ పికప్ బ్రేకుకూ ఉన్న సంబంధం గురించి తెలుసుకుందాం.

బడికి వెళ్ళని బాలుడు

పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్సు దేశంలోని క్లెర్మాన్ పట్టణంలో జన్మించాడు. మూడేళ్ళ వయసులోనే తల్లి చనిపోయింది. తండ్రి ఎతియెన్ పన్నుల శాఖలో అధికారి. ఆయన 1631లో పిల్లలను తీసుకుని పారిస్ నగరానికి వచ్చాడు. కొడుకును ఏ బడికీ పంపలేదు. ఇంట్లో తానే చదువు చెప్పాడు. ముందు భాషలు రావాలనే ఉద్దేశంతో గణిత పుస్తకాలను అతనికి అందకుండా ఉంచాడు. అయినా పన్నెండేళ్ళ వయసులో పాస్కల్ నేల మీద గీతలు గీసుకుంటూ, త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం రెండు లంబకోణాలకు సమానమని స్వయంగా గ్రహించాడని అతని అక్క జిల్బెర్త్ రాసింది. ఆ తరువాత తండ్రి తన పట్టుదల సడలించి, కొడుకు చేతికి గణిత గ్రంథం ఇచ్చాడు.

1640లో ఆ కుటుంబం రువాన్ పట్టణానికి మారింది. అక్కడ తండ్రి రాత్రి పొద్దుపోయేదాకా పన్నుల లెక్కలు కూడుతూ కూర్చునేవాడు. ఆ శ్రమ తగ్గించాలని పాస్కల్ 1642లో కూడికలు, తీసివేతలు చేసే పళ్ళ చక్రాల యంత్రాన్ని తయారు చేయడం మొదలుపెట్టాడు. ఎన్నో నమూనాలు చేసి, విఫలమైన వాటిని పక్కన పెట్టి, 1645 నాటికి దానిని పూర్తి చేశాడు. అప్పటికి అతని ఆరోగ్యం దెబ్బతిన్నది. పద్దెనిమిదేళ్ళు దాటాక నొప్పి లేని రోజంటూ లేదని అతని అక్క రాసింది.

ఖాళీ జాగాలో ఏముంది?

1644లో ఇటలీ శాస్త్రవేత్త టారిసెల్లి చేసిన ఒక ప్రయోగం గురించి లోకానికి తెలిసింది. ఒక చివర మూసిన పొడవైన గాజు గొట్టాన్ని పాదరసంతో నింపి, పాదరసం ఉన్న గిన్నెలో తలకిందులుగా నిలబెడితే, గొట్టంలోని పాదరసం కొంత దిగి సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తు దగ్గర ఆగిపోతుంది. దాని పైన ఖాళీ జాగా మిగులుతుంది. ఆ జాగాలో ఏముంది? ప్రకృతిలో శూన్యం ఉండడం అసాధ్యమని ఆనాటి పండితులలో చాలామంది నమ్మేవారు. కంటికి కనిపించని ఆవిరి ఏదో అక్కడ నిండి ఉంటుందని వాదించేవారు.

పాస్కల్ వాదనలతో సరిపెట్టుకోలేదు. రువాన్‌లో సుమారు 15 మీటర్ల పొడవైన గాజు గొట్టాలు చేయించి, ఓడ స్తంభానికి కట్టి, నీటితోను, ద్రాక్ష సారాయితోను అదే ప్రయోగం జనం ముందు చేసి చూపాడు. ఆవిరి వాదం నిజమైతే, ఎక్కువ ఆవిరి పుట్టించే సారాయి నీటికంటే కిందికి దిగాలి. కాని సారాయి నీటికంటే తేలిక కాబట్టి ఎక్కువ ఎత్తులో నిలిచింది. అంటే ఎత్తును నిర్ణయిస్తున్నది ఆవిరి కాదు, ద్రవం బరువు. మరి ఆ బరువును మోస్తున్నది ఏది? బయటి గాలి అయితే, కొండ ఎక్కేకొద్దీ మన పైన ఉండే గాలి తగ్గుతుంది కాబట్టి పాదరసం కిందికి దిగాలి.

ఈ ఊహను పరీక్షించడానికి కొండ ఎక్కే శక్తి పాస్కల్‌కు లేదు. అందుకని క్లెర్మాన్‌లో ఉంటున్న తన బావ పెరియే సాయం కోరాడు. 1648 సెప్టెంబరు 19న పెరియే గొట్టాలతో ప్యూయ్ ద డోమ్ కొండ ఎక్కాడు. శిఖరం మీద పాదరసం కింది కంటే సుమారు 8.5 సెంటీమీటర్లు తక్కువ ఎత్తులో నిలిచింది. కొండ కింద ఉంచిన మరో గొట్టంలో రోజంతా మార్పు లేదు. గాలికి బరువు ఉందని, ఆ బరువు అన్నిటినీ నొక్కుతున్నదని ఈ ప్రయోగం బలంగా నిరూపించింది.

ఆ తరువాత పాస్కల్ ద్రవాల మీద దృష్టి పెట్టాడు. మూసి ఉన్న పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే, ఆ పీడనం తగ్గకుండా అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని వివరించాడు. ఈ నియమాన్ని మనం పాస్కల్ సూత్రం అంటున్నాం. ఆ పుస్తకం అతని మరణం తరువాత 1663లో అచ్చయింది.

మీ బండిలో పాస్కల్

పాస్కల్ బ్రేకు తయారు చేయలేదు. కాని వాక్యూమ్ సాయంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులో అతను పరిశోధించిన రెండు విషయాలూ కలిశాయి. ఇంజను గది గోడకు, మాస్టర్ సిలిండర్ వెనుక గుండ్రని రేకు డబ్బా ఒకటి ఉంటుంది. దానిని బూస్టర్ అంటారు. దాని మధ్యలో రబ్బరు పొర ఉంటుంది. పెడల్ తొక్కనప్పుడు పొరకు రెండు వైపులా గాలి తీసివేసి ఉంటుంది. పెడల్ తొక్కగానే డ్రైవరు వైపు గదిలోకి బయటి గాలి వస్తుంది. రెండో వైపు గాలి పలచగా ఉంది కాబట్టి, వచ్చిన గాలి పొరను ముందుకు నెడుతుంది. పొర అడ్డకొలత 23 సెంటీమీటర్లు ఉంటే, ఆ తోపు 300 కిలోల బరువుకు సమానం కాగలదు. మాస్టర్ సిలిండర్‌లో పుట్టిన పీడనాన్ని బ్రేకు ఆయిలు పాస్కల్ సూత్రం ప్రకారం చక్రాలకు చేరుస్తుంది.

పాత పెట్రోలు ఇంజనులో గాలి దారికి అడ్డుగా ఉండే రేకు వల్ల వాక్యూమ్ దానంతట అదే పుడుతుంది. పాత డీజిల్ ఇంజనులో ఆ ఏర్పాటు లేదు. అందుకే వేరే వాక్యూమ్ పంపు పెడతారు. చాలా పికప్‌లలో అది ఆల్టర్నేటర్ వెనుక ఉంటుంది. ఆల్టర్నేటర్‌ను తిప్పేది బెల్టు. కాబట్టి అటువంటి బండిలో బెల్టు తెగితే బ్యాటరీ ఛార్జింగు ఒక్కటే కాదు, బ్రేకుకు గాలి సాయం కూడా ఆగిపోతుంది. బెల్టుకు పగుళ్ళు వచ్చాయా, వదులైందా అని తరచు చూడండి. పంపుకు వెళ్ళే ఇంజను ఆయిలు గొట్టం కారకుండా చూసుకోండి.

డీజిల్ ఆదా అవుతుందని కొందరు పల్లంలో ఇంజను ఆపి బండిని దొర్లిస్తారు. ఇది ప్రాణాంతకం. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. బూస్టర్‌లో నిలవ ఉన్న వాక్యూమ్ రెండు మూడు సార్లు తొక్కేసరికి అయిపోతుంది. ఆపై పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. అరకు 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం విశాఖపట్నంలో కంటే సుమారు పదో వంతు తక్కువ. పెరియే కొండ మీద చూసినది ఇదే. కాబట్టి ఘాట్ మొదట్లో బూస్టర్ సాయం కూడా కొంత తక్కువగా ఉంటుంది. తక్కువ గేరులో, ఇంజను నడుస్తుండగానే దిగాలి.

చేసి చూడండి

బండిని సమతలం మీద నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టండి.

1. ఇంజను ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి. కాలు దాని మీదే ఉంచి ఇంజను స్టార్టు చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదు, లేదా బూస్టర్ చెడింది.

2. ఇంజనును రెండు నిమిషాలు నడిపి ఆపండి. కొన్ని నిమిషాలు ఆగి తొక్కండి. మొదటిసారి మెత్తగా ఉండాలి. వెంటనే గట్టిగా ఉంటే, రబ్బరు గొట్టంలోనో, నాన్ రిటర్న్ వాల్వులోనో, పొరలోనో గాలి లీకవుతున్నది.

3. ఇంజను నడుస్తుండగా పెడల్‌ను తొక్కి పట్టి వినండి. ఉస్సుమనే శబ్దం ఆగకుండా వస్తుంటే మెకానిక్‌కు చూపించండి.

బయట ఎక్కడా కారకుండానే బ్రేకు ఆయిలు తగ్గుతుంటే, అది మాస్టర్ సిలిండర్ నుండి బూస్టర్‌లోకి పోతున్నదేమో చూడాలి. మూత మీద రాసిన రకం ఆయిలే పోయండి. ఇంజను ఆయిలుగాని, కిరోసిన్ గాని తగిలితే లోపలి రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

చివరి రోజులు

1654 తరువాత పాస్కల్ మనసు ఎక్కువగా దైవచింతన వైపు మళ్ళింది. అయినా ప్రజల అవసరాలను మరచిపోలేదు. తక్కువ ఛార్జీతో, నిర్ణీత మార్గాలలో, వేళ తప్పకుండా నడిచే గుర్రపు బండ్లను మిత్రులతో కలిసి పారిస్‌లో ప్రారంభించాడు. మొదటి మార్గం 1662 మార్చి 18న మొదలైంది. నేటి సిటీ బస్సులకు అది తొలి రూపాలలో ఒకటి. అయితే సిపాయిలు, నౌకర్లు, కూలీలు వాటిని ఎక్కకూడదని పారిస్ న్యాయస్థానం ఆంక్ష పెట్టింది. తన వాటా సొమ్ము పేదలకు చేరాలని పాస్కల్ కోరుకున్నాడు. ఆ ఏడాదే ఆగస్టు 19న, 39 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

1971లో పీడనాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణానికి అతని పేరు పెట్టారు. ఢిల్లీలో కటవారియా సరాయ్ ఇరుకు సందులలో నడిపినా, అరకు ఘాట్ దిగినా, మీ పాదం కింద పనిచేసే సూత్రాలు ఆ బడికి వెళ్ళని బాలుడు వెదికి తెలుసుకున్నవే.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. నీటికి బదులు ద్రాక్ష సారాయి వాడడం వల్ల పాస్కల్ ఏమి నిరూపించగలిగాడు?
2. డీజిల్ పికప్‌కు వేరే వాక్యూమ్ పంపు ఎందుకు కావాలి?
3. ఆల్టర్నేటర్ బెల్టు తెగితే బ్రేకుకు ఏమవుతుంది?
4. పల్లంలో ఇంజను ఆపి వెళ్ళే డ్రైవరుకు మీరు ఏమని చెబుతారు? ఐదు వాక్యాలలో రాయండి.